సంతకం కింద రెండు మాటలు

వసుమతికి ఉర్దూ రాదు. ఆ మాటకొస్తే, యాభైయారులో కర్నూలు నుంచి ఫైళ్ళతో పాటు హైదరాబాదుకు తరలివచ్చిన గుమాస్తాల పిల్లల్లో ఎంతమందికి వచ్చు గనుక? పదిహేనేళ్ళుగా నాంపల్లిలో ఉంటూ, దుకాణాల బోర్డుల మీద తెలుగు వరస చదువుకుని, ఉర్దూ వరసను ముగ్గు కింద జమకట్టి నడిచిపోవడం ఆమెకు అలవాటు. లా చదివే పిల్లకు ఈ ఊళ్ళో ఆ లిపితో పని పడుతుందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా వినేది కాదులెండి. ఎవిడెన్స్ యాక్టు కంఠతా వస్తే చాలు, ఇంకేం కావాలి అనుకునే వయసు ఆమెది.

డెబ్బయ్యొకటో సంవత్సరం సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం ఆమె కోర్టు వరండాలో బాలకిషన్ బల్ల ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. బాలకిషన్ అర్జీలు రాసే ముసలాయన. నిజాం రోజుల నుంచీ అదే స్తంభం పక్కన, అదే బల్ల మీద రాస్తున్నాడు. ఆయన ఉర్దూ కాగితం చదివి తెలుగులో చెబుతుంటే వసుమతి నోటుపుస్తకంలో రాసుకుంటోంది.

ఈ పని ఆమెకు అప్పగించింది జగన్మోహనరావుగారు. ఆయన పగలు ఆ కోర్టులో ప్రాక్టీసు చేస్తారు, సాయంత్రం లా కాలేజీలో ఎవిడెన్స్ చెబుతారు. వకీలును పెట్టుకునే తాహతు లేని ముద్దాయిల కేసులు ఉచితంగా వాదించాలని ఆ ఏడు ఆయన సంకల్పించి, విద్యార్థుల్ని ఏడుగురిని పోగేశారు. కాగితాలు చదివి నోట్సు తయారు చెయ్యడం, లాకప్పులో ఉన్నవాళ్ళతో మాట్లాడి రావడం వీళ్ళ పని. ఆ ఏడుగురిలో ఆడపిల్ల వసుమతి ఒక్కతే. అందరికంటే ముందు చెయ్యెత్తిందీ ఆమే. ఆ రోజే కోఠీలో కొత్త నోటుపుస్తకం కొని, అట్ట మీద ‘బీదలకు న్యాయం’ అని ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు కూడా గీసింది.

“దొంగతనం కేసు. ఆడమనిషి. పంచనామా ఉర్దూలో ఉంది, నాకూ రాదు, చదివించుకు రా” అని మాత్రమే చెప్పి సారు కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టారు.

బాలకిషన్ కళ్ళద్దాలు తుడుచుకుని మొదలుపెట్టాడు. “రాసుకో బిడ్డా. ఆగస్టు పద్నాలుగు, శనివారం, సాయంత్రం ఆరున్నర. ఆబిడ్స్‌ల బట్టల దుకాణం మెట్ల మీద రిబ్బన్లు, పిన్నులు అమ్మే లక్ష్మీనర్సమ్మ, ఉమర్ నలభై ఏండ్లు. బుట్ట ఎతికితే రిబ్బన్ల కింద ఒక బనారసు చీర దొరికింది. దుకాణ్‌దారు వామన్‌రావు గా చీర నాదే అని గుర్తువట్టిండు.”

వసుమతి కలం ఆగింది. వామన్‌రావు వసుమతి వాళ్ళు అద్దెకుంటున్న ఇంటి యజమాని.

“రాస్తున్నవా? ఆడమనిషిని ఎతికే తలాషీ గనుక మొహల్లాల ఇజ్జత్ ఉన్న ఒక ఆడ గవాహ్, అంటె సాక్షి, ముంగట జరిగింది. ముల్జిమాను, అంటె గా లక్ష్మీనర్సమ్మను, వేలిముద్ర ఎయ్యమంటే ఎయ్యనన్నది. ఇగో, గీ జాగ ఖాళీగ ఉన్నది. కింద గవాహ్‌లు. ఒకటి, దుకాణంల పనిచేసే శ్యామ్‌సుందర్. రెండు...” ముసలాయన కాగితాన్ని దగ్గరకు తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు. “రెండోది ఇంగ్లీషుల దస్తఖత్ చేసింది. నాకు ఇంగ్లీషు రాదు. నువ్వే సూడు.”

కాగితం ఆమె వైపు తిప్పాడు. అందులో తన సంతకం ఉంది. వి అక్షరానికి పెట్టిన వంపూ, చివర లాగిన గీతా తనవే. దాని కింద చక్కగా, విడివిడి అక్షరాలతో ‘లా స్టూడెంట్’ అని రాసి ఉంది. ఆ రెండు మాటలు రాయమని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ సంతకం చేసింది జెండా పండుగ నాడు. తండ్రి రాధాకృష్ణమూర్తి సచివాలయంలో జెండా వందనం చేసి, జేబుకు కాగితపు జెండా గుచ్చుకుని అప్పుడే వచ్చాడు. ఆ వెనకే వామన్‌రావు ఒక కాగితంతో వీళ్ళ వాటాలోకి వచ్చాడు. అది రాసిన ఠాణా హెడ్ కానిస్టేబులు పాతకాలం మనిషి, ఉర్దూ తప్ప రాయడు. “జర గీడ దస్తఖత్ చెయ్యి బిడ్డా. దుకాణంల చిన్న దొంగతనం అయ్యింది. ఆడోళ్ళ కేసుకు ఆడ గవాహ్ ఉండాలెనంట. నువ్వు కాబోయే వకీలమ్మవు గద, నీకంటె ఇజ్జత్ ఎవరికున్నది మన గల్లీల?” అన్నాడు. అంతకుముందు వసుమతిని వకీలమ్మ అని ఎవరూ పిలవలేదు. ఆ మాట తలకెక్కింది. ఇందులో ఏముందండీ అని అడగడానికి ఆమెకు నామోషీ అయింది. వకీలమ్మ కాగితం చదవలేదంటే ఏం బాగుంటుంది? పేనా మూత తీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేసి, చాలదన్నట్టు కింద ఆ రెండు మాటలూ చేర్చింది. తండ్రి పక్కన నిలబడి మురిసిపోయాడు.

“ఎవరంట గవాహ్?” అన్నాడు బాలకిషన్.

“సరిగ్గా కనబడటం లేదండీ,” అంది వసుమతి. నోటుపుస్తకంలో ‘రెండో సాక్షి: ఒక స్త్రీ’ అని రాసుకుంది. సారు అడిగినప్పుడు సంతకం అలికిపోయిందని చెప్పింది. ఆయన పర్వాలేదన్నారు, కోర్టు పిలిచినప్పుడు ఎవరో తెలుస్తుందిగా, ముందు ముద్దాయితో మాట్లాడి రా అన్నారు.

లాకప్పు కోర్టు వెనక వైపు ఉంది. కటకటాల దగ్గర కానిస్టేబులు పేరు పిలవగానే సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకామె లేచి వచ్చింది. వసుమతి ఆమెను ఎరుగును. ఆబిడ్స్ వెళ్ళినప్పుడల్లా ఆ మెట్ల మీద చూసింది, చిన్నప్పుడు ఆమె దగ్గరే రిబ్బన్లు కొనుక్కుంది కూడా. లక్ష్మీనర్సమ్మకు మాత్రం ఈ పిల్ల గుర్తులేదు. రోజుకు వందమంది జడలు చూసేదానికి ఎవరని గుర్తుంటారు?

“జామీను ఇచ్చెటోళ్ళు లేరమ్మా నాకు. ఇరవై ఎనిమిది దినాలాయె. పన్నెండేండ్ల సంది గా మెట్ల మీదనే కూసుంటున్న. గిప్పుడు అద్దాల తలుపులు పెట్టిన్రు, నేను కండ్లల్ల పడ్డ. మూడుపార్లు పొమ్మన్నరు. ఏడికి పోవాలె? పోలే. శనివారం మాపటికి పోలీసోళ్ళొచ్చి నీ బుట్టల చీర ఉన్నదన్నరు.”

“బుట్ట వెతికినప్పుడు అక్కడ ఎవరున్నారు?”

“పోలీసాయన, గా శ్యామ్‌సుందర్. ఇంకెవ్వలు లేరు. ఆడమనిషైతే అసలే లేదు. ఉన్నదని రాసిన్రంట గద?” లక్ష్మీనర్సమ్మ కటకటాలు పట్టుకుని ముందుకు వంగింది. “గా గవాహ్ పిల్ల ఎవలో గని, ఒక్కపారి దాని మొఖం సూడాలె నేను. తిట్టనమ్మా, ఒట్టు. నువ్వు యాడ నిలవడ్డవు బిడ్డా, నాకు కానరాలేదే అని అడుగుత, అంతే.”

వసుమతి తల వంచుకుని రాసుకుంటున్నట్టు నటించింది. అక్కడి నుంచి పరుగెత్తి పోవాలని ఉంది.

“బతుకమ్మ పండుగ లోపట ఇడుస్తరామ్మా?” అని అడిగింది లక్ష్మీనర్సమ్మ. “పండుగకు రిబ్బన్లు మస్తు పోతయి. గా తొమ్మిది దినాల గిరాకీ మీదనే నేను సగం ఏడు ఎల్లదీస్త.”

ఇరవయ్యో తారీఖున కేసు ఉందని, పండుగ లోపే తేలిపోతుందని వసుమతి చెప్పింది. చెప్పేటప్పుడు ఆ మాట నిజమనే అనుకుంది.

మూడు రోజులకు సమను వచ్చింది. ఇరవయ్యో తారీఖున కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పమని అందులో ఉంది. ఆ సాయంత్రమే వామన్‌రావు వచ్చి కుర్చీలో కూర్చుని, తల్లి నాగరత్నమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ పాఠం చెప్పాడు. “ఫికర్ చెయ్యకు బిడ్డా. గీ దస్తఖత్ నాదే అనాలె. నా ముంగటనే చీర దొరికింది అనాలె. రెండు మాటలు, అంతే.”

“నేను అక్కడ లేను కదా బాబాయిగారూ. ఆ టైముకి కాలేజీలో ఉన్నాను.”

“పంచనామాలన్నీ గిట్లనే రాస్తరు. మీ సారును అడుగు, ఆయనకు ఎర్కలేదా?”

“ఇంతకూ చీర దొరికిందా?”

వామన్‌రావు కప్పు కింద పెట్టాడు. “దొరికిందనే గద రాసిన్రు,” అన్నాడు. కోపంగా అనలేదు. పన్నెండేళ్ళు తన మెట్ల మీద కూర్చోనిచ్చి, ఎండాకాలం కుండలో నీళ్ళు పెట్టించిన మనిషి ఆయన. పొమ్మన్నా కదల్లేదని ఆయనకు నిజంగానే బాధగా ఉంది. తప్పుచేశానన్న జాడ ఆ ముఖంలో వెతికినా లేదు. దుర్మార్గుడైతే ఎంత సుఖం! నాలుగు తిట్టుకుని బయటపడచ్చు.

ఆయన వెళ్ళాక వసుమతి తండ్రి ఎదుట కూర్చుంది. “నేను అబద్ధం చెప్పలేను నాన్నా. చెబితే ఆవిడ జైలుకు పోతుంది.”

రాధాకృష్ణమూర్తి గట్టిగా మాట్లాడే మనిషి కాదు. గోడ వంక చూస్తూ అన్నాడు. “అరవైతొమ్మిది గొడవలప్పుడు మన సందులోకి జనం వచ్చిన రోజు నీకు గుర్తుందా?”

గుర్తులేకేం? ఆంధ్రావాళ్ళు ఎక్కడున్నారని కేకలు వేస్తుంటే, ముగ్గురూ వంటింట్లో బియ్యం డబ్బా వెనక కూర్చున్నారు. వామన్‌రావు బయట గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “గీ ఇంట్ల ఉన్నోళ్ళు మావోళ్ళు. లోపటికి పోవాలెనంటె ముందుగాల నన్ను దాటుండ్రి” అన్నాడు. రెండు రోజులు ఆ కుర్చీ అక్కడే ఉంది.

“ఆ రోజు ఆయన మంచీచెడ్డా విచారించాడుటే? మనం మంచివాళ్ళమో కాదో ఎవరినైనా సాక్ష్యం అడిగాడా? నిలబడ్డాడు, అంతే. ఇవాళ మనల్ని రెండు మాటలు చెప్పమంటున్నాడు.” గొంతు తగ్గించి అన్నాడు. “పైగా నిజం చెబితే చూడని దానికి సంతకం చేశానని నీ నోటితో నువ్వు ఒప్పుకున్నట్టేగా? రేపు నిన్ను వకీలుగా చేర్చుకుంటారా అమ్మా?”

ఆ రాత్రి వసుమతి పుస్తకాలన్నీ తిరగేసింది. అబద్ధపు సాక్ష్యానికి ఎన్నేళ్ళు, అబద్ధపు పంచనామాకు ఎన్నేళ్ళు, అన్నీ ఉన్నాయి. గడపలో కుర్చీ వేసుకున్నవాడి రుణం గురించి ఏ సెక్షనులోనూ లేదు. నిజం చెబితే తన చదువు, ఈ ఇల్లు పోతాయి. అబద్ధం చెబితే ఆ మనిషి పోతుంది. మింగలేక కక్కలేక పందొమ్మిదో తారీఖు దాకా అలాగే తిరిగింది.

ఆ సాయంత్రం తండ్రి ఒక డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. టైఫాయిడ్ అనుమానం, రెండు వారాలు విశ్రాంతి. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. సర్టిఫికెట్టు చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఇరవయ్యో తారీఖు పగలంతా ఆమె మంచం మీద పడుకుంది. సందు వైపు కిటికీ మూసేశారు. కోర్టు నుంచి ఎవరైనా వస్తారేమోనని నాగరత్నమ్మ గంటకోసారి వచ్చి, జ్వరం లేని నుదుటి మీద తడిగుడ్డ వేసి వెళుతోంది. స్టేషన్లో ఇంజన్లు పెట్టెల్ని అటూ ఇటూ లాగుతున్న చప్పుడు వినబడుతోంది. దుప్పటి కింద ఉక్కపోస్తోంది, తీస్తే ఎవరైనా చూస్తారు. పదకొండయింది. ఇప్పుడు పిలిచి ఉంటారు. పన్నెండయింది. వాయిదా వేసి ఉంటారు. రెండు రోజుల్లో కాలేజీకి వెళ్ళచ్చనుకుంది. పడుకుని పడుకుని సాయంత్రానికి నిజంగానే తలనొప్పి పట్టుకుంది.

రెండు రోజుల తర్వాత వెళ్ళింది. క్లాసు అయిపోయాక జగన్మోహనరావుగారు అటెండెన్సు రిజిస్టరు చంకలో పెట్టుకుని వసారాలో ఆమె కోసం ఆగారు.

“జ్వరం తగ్గిందా?”

ఆమె పుస్తకాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“బంట్రోతు మూడుసార్లు పిలిచాడు నీ పేరు. మొదటిసారి ఇంకెవరో వసుమతి అనుకున్నాను. మీ నాన్నగారి పేరు కూడా పిలిచాడు.” రిజిస్టరు తెరిచి ఒక పేజీ చూపించారు. “ఆగస్టు పద్నాలుగు, ఆరున్నర క్లాసు. నీ పేరు ఎదురుగా ఈ టిక్కు నా చేత్తో పెట్టాను. ఆ రోజు చెప్పింది ఏమిటో గుర్తుందా? నమ్మదగిన సాక్షి ఎవరు అన్న పాఠం. లేచి జవాబు చెప్పింది నువ్వే.”

“సార్, నేను...”

“వద్దు, నాకేమీ చెప్పకు. నువ్వు వాళ్ళ సాక్షివి, నేను ముద్దాయి వకీలును. నిన్ను పిలిచి ఇది చెప్పమని, ఇది చెప్పొద్దని అనే హక్కు నాకు లేదు. నువ్వు చూశానంటే ఈ రిజిస్టరు తెప్పించి నిన్ను బోనులో నిలబెట్టి పడగొడతాను. చూడలేదంటే నిన్ను నువ్వే పడగొట్టుకుంటావు. నీకు ఏ దారి చూపించాలో నాకు తెలియటం లేదు.” ఆయన రిజిస్టరు మూశారు. “దసరా సెలవులు అడ్డం వచ్చాయి. అక్టోబరు పదకొండుకు వాయిదా వేశారు. నీ జ్వరం ఖరీదు మూడు వారాలమ్మా. అది కూడా నువ్వు కట్టలేదు.”

బతుకమ్మ వచ్చి వెళ్ళింది. వాళ్ళ సందులో వామన్‌రావు ఇంటి ఆడవాళ్ళు తంగేడు పూలు పేర్చి ఆడుతుంటే వసుమతి కిటికీ దగ్గర నిలబడి చూసింది. పిల్లలందరి జడల్లోనూ కొత్త రిబ్బన్లున్నాయి. మర్నాడు ఎందుకో కాళ్ళు ఆబిడ్స్ వైపు లాక్కెళ్ళాయి. దుకాణం ముందు అద్దాల తలుపులు తళతళలాడుతున్నాయి. లక్ష్మీనర్సమ్మ కూర్చునే మూడో మెట్టు మీద రెండు క్రోటను కుండీలు పెట్టారు. ఎర్రమట్టి రంగు ఇంకా తడిగా ఉంది. ఆమె వాటి ముందు నిలబడి ఏడ్చింది. నడిబజారులో, పట్టపగలు, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. లోపల్నుంచి శ్యామ్‌సుందర్ చూసి, ఏమైందమ్మా అని బయటికి వచ్చేసరికి గబగబా నడిచి వెళ్ళిపోయింది.

పదకొండో తారీఖు ఉదయం ఆమె తలంటుకుని తెల్లచీర కట్టుకుంది. గుమ్మంలో ఆగి తండ్రితో చెప్పింది. “నిజం చెప్పేస్తాను నాన్నా.”

కోప్పడతాడేమో, బతిమాలతాడేమో అనుకుంది. రాధాకృష్ణమూర్తి చెప్పులు వేసుకుంటూ తలెత్తకుండా, “సామాను సర్దమని మీ అమ్మకు చెప్పనా?” అని మాత్రం అడిగాడు. ఆమె తలూపింది. నాగరత్నమ్మ అక్కడే నిలబడి అంతా విని, లోపలికి వెళ్ళి ఇత్తడి సామాను అటక మీంచి దింపసాగింది.

కోర్టు వరండాలో సారు కనబడగానే వసుమతి ఎదురువెళ్ళింది. మాట్లాడొద్దన్నారని గుర్తున్నా ఆగలేదు. “నేను లేనని చెప్పేస్తాను సార్. చదవకుండా సంతకం చేశానని కూడా చెబుతాను.”

జగన్మోహనరావుగారు ఆమె ముఖంలోకి చూశారు. మూడు వారాల తర్వాత ఆయన మొదటిసారి నవ్వారు. “అయితే కేసు నిలవదు. తర్వాత నీ సంగతి ఏమవుతుందో చూద్దాం, నేనున్నాను. ఉండు, ముందు ఆమెకు ఒక మాట చెప్పొస్తాను. భయపడుతూ ఉంటుంది.” ఆయన లాకప్పు వైపు పరుగులాంటి నడక నడిచారు. జైలు వ్యాను ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. ఆయన ఇంకా మలుపు తిరగకముందే బంట్రోతు కేసు పిలిచాడు. లక్ష్మీనర్సమ్మను వ్యాను దించి అటు నుంచి అటే హాల్లోకి తీసుకెళ్ళారు.

సాక్షులు గుమ్మం బయట నిలబడాలి. వసుమతి అక్కడే నిలబడి తలుపు సందులోంచి చూసింది. లక్ష్మీనర్సమ్మ మరింత చిక్కిపోయింది. ఎవరూ ఏమీ అడక్కముందే చేతులెత్తి దండం పెట్టి, “నేను ఒప్పుకుంటున్న దొరా” అంది.

సారు అప్పుడే ఆయాసపడుతూ లోపలికి వచ్చారు. “ఈమెకు తెలియక అంటోంది. నాకు రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇప్పించండి” అని వేడుకున్నారు.

మేజిస్ట్రేటు ఆమెనే అడిగారు. “నీ వకీలుతో మాట్లాడతావా?”

“వద్దు దొరా. నాకు అంత సమజైంది. మాట్లాడితె మల్ల వాయిదా అయితది. యాభై ఎనిమిది దినాలాయె. ఒప్పుకుంటె ఇయ్యాలనే ఇంటికి పోవచ్చని వ్యానుల జవాను చెప్పిండు. చీర నేనే దీసిన. ఇడిసిపెట్టుండ్రి.”

మేజిస్ట్రేటు ఇంకోసారి అడిగారు. ఆమె ఇంకోసారి అదే చెప్పింది. గుమాస్తా కాగితం రాసి వేలిముద్ర తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ లోపల ఉందన్నది గమనించి, కోర్టు లేచేవరకూ శిక్ష అన్నారు. అంటే సాయంత్రం మేజిస్ట్రేటు బల్ల మీంచి లేచేదాకా ఆ హాల్లోనే కూర్చుని, తర్వాత ఇంటికి పోవచ్చు. సాక్షుల అవసరం లేదు, వెళ్ళిపొమ్మన్నారు.

అప్పుడు వసుమతికి హాయిగా అనిపించింది. ఏ ముసుగూ లేకుండా చెప్పాలంటే, గుండెల మీంచి బండ దించినట్టు హాయిగా అనిపించింది. బోను ఎక్కక్కర్లేదు. ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. ఆ రెండు మాటల సంగతి ఇంకెవరికీ తెలియదు. ఆ హాయి ఒక్క నిమిషమే ఉంది, కానీ దాన్ని ఆమె జన్మలో మరిచిపోలేదు, క్షమించుకోనూ లేదు.

వామన్‌రావు వరండా మెట్ల మీద నుంచి చెయ్యి ఊపాడు. “దా బిడ్డా, రిక్షా ఉన్నది. ఇంటికి పోదాం. పీడ వొయ్యింది.” వసుమతి ఆయన వంక చూసింది. వెనక్కి తిరిగి హాల్లోకి వెళ్ళి, చిట్టచివరి బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న లక్ష్మీనర్సమ్మ పక్కన కూర్చుంది. సారు గుమ్మం దాకా వచ్చి, చూసి, వెళ్ళిపోయారు.

వేరే కేసులు నడుస్తున్నాయి. కాసేపటికి లక్ష్మీనర్సమ్మే గుసగుసగా పలకరించింది. “లాకప్పుల నాతోని మాట్లాడిన పిల్లవు గద? మంచిగున్నవా? నాకు ఒక్క మాట చెప్పు బిడ్డా. గా గవాహ్ పిల్ల ఇయ్యాల వొచ్చిందా?”

“వచ్చింది.”

“ఏది, యాడున్నది?” ఆమె మెడ సాచి గుమ్మం వైపు చూసింది.

“నేనే.”

లక్ష్మీనర్సమ్మ మెల్లగా ఇటు తిరిగింది. తిట్టనని ఒట్టు పెట్టింది కదా, తిట్టలేదు.

“నువ్వు సదువుకున్నదానివి. గా కాయితంల ఏమున్నదో సదివినవా?”

“నాకు ఉర్దూ రాదు.”

“నాకు ఏది రాదు,” అంది లక్ష్మీనర్సమ్మ. “గందుకే నేను ఎయ్యనన్న. రెండు దెబ్బలు గూడ కొట్టిన్రు. ఏం రాసిన్రో సదివి చెప్పుండ్రి, అప్పుడు ఏలు ఏస్త అన్న. సదవలే. నేను ఎయ్యలే.” కుడిచేతి బొటనవేలు చాపి చూపించింది. దాని మీద సిరా ఇంకా ఆరలేదు. “ఇయ్యాల ఏసిన. గిది గూడ ఎవ్వలు సదివి చెప్పలే.”

చీర చెంగుతో వేలు తుడుచుకుంది. సిరా పోలేదు. వసుమతి తన జేబురుమాలు తీసి ఇవ్వబోయింది, ఆమె వద్దని తల ఊపింది. వసుమతి కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి కూడా మొహమాటపడింది. ఆ మనిషి పక్కన కూర్చుని ఏడ్చే హక్కు తనకు లేదని తెలుసు.

“నువ్వు పో బిడ్డా,” అంది లక్ష్మీనర్సమ్మ ఎదురుగా గోడ గడియారం వంక చూస్తూ. “శిక్ష వడ్డది నాకు గద.”

వసుమతి లేవలేదు. గడియారం మూడుంబావు చూపిస్తోంది. కోర్టు లేవడానికి ఇంకా చాలాసేపు ఉంది.